తూనీగ ఇచ్చిన గొంతు

ఒకప్పుడు తూనీగకు రెండే రెక్కలు. గొంతు మాత్రం గొప్పది. అది పాట ఎత్తుకుంటే నాట్లు వేసే ఆడవాళ్లు నడుము ఎత్తి వినేవాళ్లు.

పిగిలిపిట్టకేమో నాలుగు రెక్కలు. గాలిలో ఉన్నచోటే నిలబడేది, వెనక్కి కూడా ఎగిరేది. కానీ దానికి పాట రాదు. మాట్లాడితే పక్కనున్నవాళ్లకే వినిపించేది.

పొలం గట్టున రేగుపొదలో దాని గూడు. అందులో ఒక్కటే పిల్ల. తలమీద జుట్టు నిక్కి ఉండేది కాబట్టి దాని పేరు తురాయి.

తురాయి మొదటిసారి ఎగిరిన రోజున ఈదురుగాలి లేచింది. పిల్లను ఎత్తుకుపోయి వాగు ఒడ్డున జమ్ముగడ్డిలో పడేసింది.

పిగిలిపిట్ట జమ్మంతా వెతికింది. పైన దాని నీడ కదిలినప్పుడల్లా డేగ వచ్చిందనుకుని పిల్ల ఇంకా లోపలికి నక్కింది.

ఎర్ర తూనీగ కెంపి పరుగున వచ్చింది. "ఉండు వదినా, నేను పిలుస్తా" అని గట్టిగా పాడింది.

జమ్ము కదల్లేదు.

"పరాయివాళ్లు పిలిస్తే పలకొద్దని నేనే చెప్పాను" అని పిగిలిపిట్ట ఏడ్చింది. "నేను పిలిస్తేనే వస్తుంది. నా మాటేమో అంతదూరం పోదు."

అప్పటికే వాగు పొంగుతోంది. కెంపి ఒక్క క్షణం ఆలోచించింది. పాట అంటే దానికి ప్రాణం.

"అయితే నా గొంతు తీసుకో" అని తల్లి ముక్కుకు నోరు ఆనించి, పాటంతా ఊదేసింది.

"తురాయీ, అమ్మనే, రా తల్లీ" అని పిగిలిపిట్ట పిలిచింది. జోరు తూనీగదే అయినా ఆ పిలుపు తీరు అమ్మదే. అది వాగు దాటి వినిపించింది. జమ్ములోంచి తడిసిన జుట్టు ఒకటి పైకి లేచింది.

పిల్ల రెక్కల కిందికి చేరాక పిగిలిపిట్ట తూనీగ వైపు తిరిగింది. "నీ గొంతు నీకు ఇచ్చేస్తా."

కెంపి తల అడ్డంగా ఊపింది. మాట రాలేదు. తురాయి జుట్టు నిమిరి, అది నీకే కావాలన్నట్టు సైగ చేసింది.

"అయితే నా వెనక రెక్కలు రెండూ నీవి" అంది పిగిలిపిట్ట.

నాలుగు రెక్కలు వచ్చాక కెంపి ఊరుకుంటుందా? గాలిలో నిలబడింది, వెనక్కి ఎగిరింది, వాగు నీళ్లను తోకతో తట్టి గిర్రున తిరిగింది. దాన్ని చూసి తురాయి పకపకా నవ్వింది. పిగిలిపిట్ట సంతోషం పట్టలేక జీవితంలో మొదటి పాట పాడింది.

అప్పటినుంచే పిగిలిపిట్టకు రెండు రెక్కలు, తియ్యటి పాట. తూనీగకు నాలుగు రెక్కలు. అది చప్పుడు చెయ్యకుండా, తనకు నచ్చినట్టల్లా గాలిలో ఆడుకుంటుంది.