ఇళ్ళు తగలబెట్టినవాడి బాణీ

ఫర్కార్ మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే అవుననరు, కాదనరు. ఫిడేలు దించి పక్కన పెడతారు. అలా పెట్టారంటే ఎప్పుడో జరిగిన సంగతొకటి వినక తప్పదని ఆ స్కాట్లండు దీవిలో అందరికీ తెలుసు.

ఆ రోజు అడిగింది కర్స్టీ. మర్నాడు ఆమె తల్లి అంత్యక్రియలు. అక్కడ శవపేటికను భుజాలకెత్తగానే, నెమ్మదిగా సాగే ఒక పాత బాణీ ఫిడేలు మీద వాయిస్తారు. అది పూర్తయ్యేదాకా మోసేవాళ్ళు అడుగు వెయ్యరు, పెట్టె దించరు. తల్లికి తానే వాయించాలని కర్స్టీ పట్టు. వాయించే ముందు ఆ బాణీ చరిత్ర నాలుగు మాటల్లో చెబుదామని పట్నం లైబ్రరీలో పాత స్వరాల పుస్తకం తిరగేసింది. కట్టినవాడి పేరు చూసి కొయ్యబారిపోయింది. నూటయాభై ఏళ్ళ కిందట దొరగారి గొర్రెలకు మేత కావాలని, జనాన్ని సముద్రపు ఒడ్డు రాళ్ళలోకి తరిమేసి, ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టించిన దివాను అతడే. పేరు కింద వేసిన తేదీ ఇళ్ళు కాలిన మర్నాటిది.

"మాస్టారూ, ఆ పాపిష్టివాడి పాటతో మా అమ్మను సాగనంపమంటారా?"

మాస్టారు ఫిడేలు దించారు. ఆయన ఇరవయ్యో ఏట పెగీ అనే ముసలమ్మ భర్త పోయాడట. అక్కడ వాయించాల్సింది మాస్టారే. శ్మశానం గేటు దగ్గర పాస్టరుగారు సరిగ్గా ఈ సంగతే ఆయన చెవిన వేశారట. చెప్పడానికి ఇంకో సమయమే దొరకనట్టు! మాస్టారు సగం దాకా ఎలాగో వాయించారు. ఆపైన చెయ్యి ఆడలేదు, కమాను ఆగిపోయింది. ఆరుగురు మనుషులు పెట్టె మోస్తూ, ముందుకు పోలేక, కిందికి దించలేక, వానలో అలాగే నిలబడిపోయారు.

పెగీ ఆయన దగ్గరికి నడిచొచ్చింది. మండుతున్న ఇంట్లోంచి ఆమె నాయనమ్మను మంచంతో సహా మోసుకొచ్చారని ఊరంతా చెప్పుకునేది. అలాంటి మనిషికి ఆ పేరు ఎలా చెప్పాలో తెలియక, మాస్టారు తడబడుతూ చెప్పేశారు. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు.

"మాకెప్పుడో తెలుసు నాయనా. వాయించేవాళ్ళకే చెప్పం, చేతులు వణుకుతాయని. ఇళ్ళు వాడు తీసుకున్నాడు, పాట కూడా వాడికే వదిలెయ్యమంటావా? మా ఆయన బరువైన మనిషి, తొందరగా కానియ్యి."

తల్లి పొయ్యి దగ్గర నిలబడి ఆ బాణీ కూనిరాగం తీయడం కర్స్టీ ఎన్నిసార్లు వినలేదు! మా అమ్మకీ తెలుసా అని అడిగింది.

మాస్టారు కమాను తీసి ఆమె వైపు చాపారు.

"నిన్ను నా దగ్గర చేర్చిన రోజు మీ అమ్మ ఒక్క ఒట్టే వేయించుకుంది, ఈ సంగతి నీకు చెప్పనని. ఏదీ, అందుకో."