ఘాటీ ఎక్కని సైలెన్సరు

పరదేశయ్య గురువుగారి మఠానికి ఉన్నది ఒకటే బండి, పాత డీజిలు పికప్పు. దాని సైలెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడింది. సాయంత్రం అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్న వేళకి అది సంత నుంచి తిరిగి వచ్చిందంటే పెళ్ళి ఊరేగింపు దిగినట్టు ఉండేది. శిష్యులు ఒక కన్ను తెరిచి చూసేవారు. కొందరు రెండూ తెరిచేవారు, సాకు దొరికింది కదా అని.

బండి నడిపేది అసిరయ్య. ఆ చప్పుడుకి అందరికంటే ఎక్కువ సిగ్గుపడేదీ అతనే. ఎందుకంటే అతను మౌనంలో ఉన్నాడు.

మౌనమంటే నిండు మౌనం కాదు. డీజిలు కొట్టించేటప్పుడు మాట్లాడతాడు. సంతలో వంకాయలు బేరమాడతాడు. గురువుగారు పిలిస్తే పలుకుతాడు. వంటశాల చూసే పెంటయ్యతో మాత్రం ఏడాదిగా ఒక్క మాట లేదు.

పెంటయ్య అతనికి మేనమామ కొడుకు, వయసులో పెద్ద. లారీ పని పోయి, తాగి రోడ్ల పక్కన పడుకునే రోజుల్లో అసిరయ్య చెయ్యి పట్టుకుని మఠానికి తీసుకొచ్చింది ఆ బావే. అలాంటి మనిషి నిరుడు ఒకనాడు, పంక్తిలో అందరూ కూర్చుని ఉండగా, అసిరయ్య మళ్ళీ అన్నం అడిగితే నవ్వుతూ నోరు జారాడు.

"ఈడు గురువు కోసం వచ్చేడేటి? అన్నం కోసం వచ్చేడు గానీ."

పంక్తంతా నవ్వింది. అసిరయ్య ఆకు మడిచి లేచిపోయాడు.

వెనకటి అసిరయ్య అయితే ఆ రోజు గరిటెలు గాల్లో ఎగిరేవి. ఇప్పటి అసిరయ్య ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు, ఆ మరుసటి నెలా అనలేదు. చూసి చూసి మఠంలో వాళ్ళు, "కోపాన్ని గెలిచాడురా" అన్నారు. ఇద్దరి మధ్య ఇలా నడిస్తే ఊళ్ళో దాన్ని మాటల్లేవు అంటారు. మఠంలో ఉన్నారు కాబట్టి మౌనం అన్నారు. ఆ పేరు అసిరయ్యకి కూడా నచ్చి, దాన్నే ఖాయం చేసుకున్నాడు.

అంతటి మౌని నడిపే బండి ఇలా అరవడం బాగుండదు కదా. గురువుగారి అనుమతి తీసుకుని పట్నం వెళ్ళాడు.

కంపెనీ సైలెన్సరు ఆ మోడలుకి రావడం ఎప్పుడో మానేసింది. బయటి సరుకే వేసుకోవాలి. ఫిట్టరు మూడు రకాలు తెచ్చి నేల మీద పెట్టాడు. ఒకటి కుర్రకారు ముచ్చటపడేది, మెరుస్తుంది, ఊరంతా లేపుతుంది. దాన్ని అసిరయ్య కాలితో పక్కకి తోశాడు. రెండోది ఆ పాత బండి కొలతకే ఇక్కడి షెడ్డులో చేసింది, కొంచెం చప్పుడు ఉంటుంది. మూడోది ఏదో పెట్రోలు కారుది, బరువుగా, గుమ్మడికాయంత పొట్టతో ఉంది.

"దీనికెంత చప్పుడు?" అన్నాడు మూడోదాన్ని చూపించి.

"అసలుండదు. కానీ లోపల గొట్టం సన్నమండి. మీది డీజిలు, లోడు బండి. పొగ సరిగ్గా పోదు. రెండోది ఎయ్యనా?"

"కొంచెం కూడా సప్పుడు ఉండకూడదు. ఇదే ఎయ్యి."

ఫిట్టరు ఇంకోసారి చెప్పి చూశాడు. వినేవాడికి చెప్పవచ్చు గానీ గెలిచినవాడికి ఎవరు చెబుతారు? మూడోదే వేసి పంపాడు.

బండి మఠం వాకిట్లోకి వచ్చి ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. శిష్యులు చుట్టూ తిరిగి చూశారు. ఒకరు వంగి గొట్టం దగ్గర చెవి పెట్టారు. "నీలాగే అయిపోయింది అసిరయ్యా" అన్నారు. అతనికి లోపల ఎంత సంతోషమైందో చెప్పలేం.

గురువుగారు అరుగు మీద నుంచి చూసి, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"రేపు పెంటయ్యని కొండ మీద కూతురింట్లో దింపాలి. పెట్టెతో సహా వెళ్ళిపోతున్నాడు. తెలుసా?"

"తెలుసు సామీ. నానేటీ అన్లేదు."

"అతనూ అదే చెప్పాడు, నువ్వేమీ అనలేదని."

ఆ వంటశాలలో పెంటయ్య కాక ఇంకొకరు నిలబడి ఉండటం అసిరయ్య ఊహకి అందలేదు. బావ వెళ్ళకూడదు. కానీ వెళ్ళవద్దని నోరు తెరిస్తే ఏడాది తపస్సు గంగలో కలిసినట్టే. ఏదీ తేల్చుకోలేక బండి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. వెనక పెంటయ్య పెట్టె, కొండ ఊరి శిష్యులకి బియ్యం బస్తాలు. ముందు ముగ్గురు. కిటికీ పక్క గురువుగారు కూర్చున్నారు. నడుమ పెంటయ్య.

పెంటయ్య పొడుగు మనిషి. అతని మోకాలు సరిగ్గా గేరు రాడ్డుకి అడ్డం వస్తోంది. కాలు తియ్యమంటే అయిపోతుంది. అనడానికి లేదు. అసిరయ్య గేరు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ రాడ్డు మీద చెయ్యి పెట్టి ఎదురుచూశాడు. పెంటయ్య కిందికి చూసి, తనే అర్థం చేసుకుని జరుపుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు అలా మూగ ఎద్దుల్లా వెళుతుంటే గురువుగారు కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నారు.

చదును నేల మీద బండి నీళ్ళలో పడవలా పోయింది. కొండెక్కే ఘాటీ మొదలయ్యేసరికి అసలు రంగు బయటపడింది. మొదటి మలుపులో ఆయాసపడింది. రెండో మలుపులో వెనకంతా నల్లటి పొగ. ఎంత తొక్కినా ముందుకి రాదు, లోపల లోపలే కుతకుత ఉడుకుతోంది. మూడో మలుపు దగ్గర వేడి చూపే ముల్లు పైకెక్కి, బండి ఒక్క ఊగు ఊగి ఆగిపోయింది. అప్పుడు కూడా చప్పుడు చెయ్యలేదు పాపం.

అసిరయ్య దిగి చక్రాలకి రాళ్ళు పెట్టాడు. ముందూ వెనకా తిరిగాడు. ఏమైందో అతనికి తెలుసు. ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

"పొగ పోవట్లేదు సామీ. ఊపిరాడక ఆగిపోనాది."

"ఎక్కడ పట్టేసింది?"

అసిరయ్య వంగి సైలెన్సరు ముందున్న జాయింటు చూపించాడు. ఇంజను చల్లారేదాకా అందరూ గట్టు మీద కూర్చున్నారు. అప్పుడు గురువుగారు పైపంచె తీసి నడుముకి బిగించి, తెల్లటి ధోవతితోనే ఆ మట్టిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి పోయారు. బయటికి చెయ్యి చాపారు.

"పానా ఇయ్యి. దీని నోరు విప్పుదాం."

"సామీ, మీరు లెగండి. ఇంకా కాల్తాది. నాను సేత్తాను."

ఆ చెయ్యి అలాగే చాపి ఉంది. అసిరయ్య పానా ఇచ్చి, తనూ పక్కన దూరాడు. పెంటయ్య గోనె తడిపి అందించాడు. తుప్పుకి బోల్టులు మొండికేశాయి. గురువుగారు ఒక పక్క, అసిరయ్య ఒక పక్క పట్టి తిప్పారు. మసి రాలి ఇద్దరి ముఖాలూ ఒకటే అయ్యాయి.

చివరి బోల్టు దగ్గర గురువుగారు ఆగారు. తల తిప్పి అతని వైపు చూశారు.

"నోరు విప్పితే చప్పుడవుతుందేమో?"

"అవుద్ది సామీ. సెడ్డ సప్పుడు."

"కానియ్యి."

అసిరయ్య కాసేపు ఆ బోల్టు వైపే చూశాడు. తర్వాత విప్పాడు.

వైరుతో సైలెన్సరు జారకుండా కట్టి, బండి స్టార్టు చేశాడు. కొండ దద్దరిల్లింది. చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. కానీ బండికి ప్రాణం వచ్చింది. బస్తాలు లెక్కచెయ్యకుండా మలుపు ఎక్కేసింది. ముందు నిటారు ఎత్తు, గేరు తగ్గించాలి, రాడ్డుకి మోకాలు అడ్డం. ఆగి ఎదురుచూస్తే బండి వెనక్కి పోతుంది.

"బావా, కాలు తియ్యి!"

పెంటయ్య ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. గేరు పడింది. ఏడాది తర్వాత మొదటి మాట అది. కాలు తియ్యమనడంతో అది ఆగిపోతే బాగుండేది, ఆగలేదు. దాని వెనకే కట్ట తెగినట్టు మిగతాది వచ్చేసింది.

"అన్నం కోసమే వచ్చేను బావా. నిజమే. ఆకలేసే వచ్చేను. నీకు తెల్దేటి? నీకు తెల్సుండి అందరి ముందరా అంతావేటి?"

"ఏటీ? ఇనబడ్నేదు."

బండి అంత గోల చేస్తోంది మరి. అసిరయ్య గొంతు చించుకుని మళ్ళీ చెప్పాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే. ఆకలి మాట, పంక్తి నవ్విన మాట, ఆ రోజు సగం తిన్న ఆకు మాట, అన్నీ. గురువుగారికి మాత్రం ఏమీ వినిపించనట్టే ఉంది. కొండ అంచులు చూస్తున్నారు.

పెంటయ్య మోకాలు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత అతని చెవి దగ్గరికి వంగాడు.

"నానూ అందుకే వచ్చేన్రా, ముప్పయ్యేళ్ళ కిందట. ఎవలికీ సెప్పుకోనేదు. నువ్వు మల్లీ అన్నం అడుగుతుంటే నన్ను నానే సూసుకున్నట్టు సిగ్గేసి, నీ మీద నవ్వేసేను. తప్పైపోనాది."

బండి ఘాటీ పైకి వచ్చింది. అక్కడ రోడ్డు చదునైంది, దూరంగా కూతురి ఊరి ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి. అసిరయ్య పక్కకి తీసి ఇంజను ఆపేశాడు.

పెంటయ్య కండువాతో ముఖం తుడుచుకుని, అదే కండువా అసిరయ్యకి ఇచ్చాడు.

"బిడ్డని సూసి వచ్చెత్తాను. పెట్టె బండిలోనే ఉండనీ. సాయంత్రం దాకా ఉంటావేటి?"

అసిరయ్య తలూపాడు. చెవుల్లో హోరు తగ్గింది. గాలి వచ్చి ముగ్గురికీ తగిలింది. ఎవరూ దిగలేదు. అసిరయ్య గురువుగారి వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు.

గురువుగారు మసి అంటిన చెయ్యి ఎత్తి ఆపారు.

"ఉండు నాయనా. మౌనం ఇప్పుడే వచ్చింది."