కడుపు నిండిన కూజా

ఇస్ఫహాన్ నగరాన్ని ఏలే ఒక షా గారికి ఉన్నట్టుండి ఓ ముచ్చట పుట్టింది. తాను షర్బతు తాగే వెండి కూజా మీద గులాబీలు, బుల్‌బుల్ పిట్టలు, పరుగెత్తే జింకలు చెక్కించాలట. ఆ పని ఉస్తాద్ బహ్మన్‌కి అప్పగించారు. వెండి మీద ఉలితో పూలు పూయించడంలో ఆయనకు సాటి లేరు.

కొలువులో ఉండే మీర్జా నౌజర్‌కి ఇది గిట్టలేదు. దర్బారులో ఏ వస్తువు మంచీచెడూ అయినా తానే చెప్పాలని ఆయన పంతం. ఉండబట్టలేక నాలుగో రోజు ఉస్తాద్ దుకాణంలోకి తొంగిచూశాడు. చూసిందే తడవుగా పరుగున వచ్చి షా గారి చెవిన వేశాడు. కూజా నిండా తారు పోసి ఉందట, పడవల అడుగుకు పూసే తారు.

షా గారి మొహం కందగడ్డయింది. బహ్మన్‌ను కూజాతో సహా రప్పించారు. నిజమే, మూతిదాకా నల్లగా గడ్డకట్టి ఉంది. పాపం, ఉస్తాద్ చేతిలో ఉన్న నేర్పు నోట్లో లేదు. అలాగే చేయాలి హుజూర్ అని తడబడి ఊరుకున్నాడు. ఉలులు లాక్కుని ఊరు దాటించమన్నారు షా గారు.

గిన్నెలు సర్దుతున్న ముసలి దాసి మహ్‌బానో చేయి ఆగిపోయింది. ఆవిడ రాగిపని వాళ్ల వీధిలో పుట్టిన మనిషి. పొద్దున ఏం తిన్నదో ఇప్పుడు గుర్తుండదు గానీ, నాన్న పొయ్యి మీద తారు కాగిన వాసన మాత్రం నిన్నటిదిలా ఉంది. అయితే మీర్జా నోటి ముందు తన మాట నిలుస్తుందా?

అందుకని మీర్జానే మెచ్చుకుంది. ఇంత తెలిసినవారు ఉండగా ఇంకొకరెందుకు, తారు మురికి లేకుండా ఒక్క పువ్వు చెక్కి చూపిస్తే ఊళ్లో పనివాళ్లంతా నేర్చుకుంటారు కదా అంది.

మీర్జా మీసం దువ్వాడు. "ఒక్క పువ్వేం ఖర్మ ముసలమ్మా, తోటే చెక్కుతాను."

"ఏలినవారి కూజా ఎందుకు సాహెబ్, మీ ఇంట్లో సన్నమెడ వెండి కూజా ఉందటగా. మీ చేతి పువ్వు మీ కూజా మీదే అందం."

కూజా వచ్చింది. మీర్జా ఉలి ఆనించి సుత్తితో ఒక్కటి వేశాడు. సొట్ట పడింది. దాన్ని సరిచేద్దామని పక్కన కొట్టాడు. పెద్ద సొట్ట పడింది. లోపలినుంచి నెడదామంటే ఆ మెడలో వేలు దూరదు. కొట్టేకొద్దీ కూజా ఎండిన అంజూరపండులా అయింది. కొలువులో అందరూ రుమాళ్లు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేం పువ్వు మీర్జా?" అన్నారు షా గారు.

మహ్‌బానో వంగి సలాం చేసింది.

"పువ్వు కాదు జహాపనా, ఆకలి. ఉస్తాద్ తన కూజాకు కడుపు నిండా తారు పెట్టి దెబ్బలు తినిపించాడు, అది ఓర్చుకుంది. మీర్జా సాహెబ్ పస్తు పెట్టి కొట్టారు, పాపం పొట్ట లోపలికి పోయింది."

షా గారు తలపాగా జారేదాకా నవ్వారు. పని అయ్యాక తారు కరిగించి తీసేస్తానని, ఇంకా భటుల మధ్యే నిలబడి ఉన్న బహ్మన్ అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. షా గారు ఆయన ఉలులు ఆయనకు ఇప్పించి, పట్టు శాలువా కప్పారు. మహ్‌బానోకి తన వేలి ఉంగరమే తీసి ఇచ్చారు.

తర్వాత సొట్టల కూజా వైపు చూసి అన్నారు. "ఉస్తాద్, దీనికీ కాస్త అన్నం పెట్టండి. పొయ్యి దగ్గర తారు కలిపే పని మీర్జా చూసుకుంటాడు."