పెళ్ళికొడుకు ముందు తెల్ల గిన్నె

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. చెప్పానంటే మీ తాతయ్య పక్కగదిలోంచి లేచొచ్చి, ఆ ఊళ్ళో మాకు చుట్టాలున్నారే అని మొదలుపెడతాడు. ఆయనకి చుట్టాలు లేని ఊరు భూమ్మీద లేదు. ఆయన్ని భోజనానికి పిలిచిన చుట్టం మాత్రం ఇంతవరకూ నాకు కనబడలేదు.

చంటీ, కాళ్ళు ఆడించకు, మంచం ఊగుతోంది. శేషూ, నువ్వు గోడవైపు జరుగు. లలిత మధ్యలో పడుకుంటుంది. ఊ ఎవరు కొడతారు? ముగ్గురూ కొట్టండి. ఒక్కరు కొడితే నాకు చాలదు.

ఆ ఊరికి ఒక రాజు. పేరు ఉద్దండ భూపతి. పేరు విని భయపడకండి, ఆయన ఏలేది ఏడు ఊళ్ళూ ఒక గుట్టా. ఆ గుట్టలో కూడా సగం పక్కరాజుది. ఆయనకో జబ్బుంది. కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే తిరిగి రావాలి, వస్తే కూర్చోవాలి, కూర్చుంటే మళ్ళీ లేవాలి. మీ చిన్నమామయ్య పెళ్ళిచూపుల్లో ఎలా తిరిగాడో అలాగన్నమాట. కాకపోతే మామయ్య ఒక్కపూటే తిరిగాడు, ఈయన పన్నెండేళ్ళ నుంచీ తిరుగుతున్నాడు.

తిండి కూడా అంతే. విస్తరి ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తింటాడు, కడుపులో మంటంటాడు, లేస్తాడు. రాజు లేస్తే మంత్రి లేవాలి, మంత్రి లేస్తే సేనాపతి లేవాలి, సేనాపతి లేస్తే పురోహితుడు లేవాలి. పురోహితుడు లేచేముందు ఇంకో బూరె నోట్లో వేసుకుని లేచేవాడు. ఆ కోటలో పన్నెండేళ్ళుగా కడుపు నిండినవాడు ఆయనొక్కడే.

ఊ కొడుతున్నారా? సరే.

ఇలా కాదని రాజు ఒక ఆలోచన చేశాడు. భోజనశాల గోడ బోడిగా ఉంది, అందుకే తిండి సయించటం లేదు, దాని మీద మా ముత్తాత పెళ్ళివిందు బొమ్మ వేయించండి అన్నాడు. బొమ్మలవాళ్ళ వీధిలో పాపయ్య అని ముసలాయన ఉన్నాడు. ఏడు తరాలుగా ఆ ఏడు ఊళ్ళ గోడలకీ గుళ్ళకీ బొమ్మలు వేసే హక్కు ఆ ఇంటిదే. కుంచె హక్కు అంటారు దాన్ని. ఇంకెవరూ గోడ మీద గీత గియ్యకూడదు. ఆ కుంచే వాళ్ళకి కూడు.

ఆ రోజుల్లో రంగులు కొట్లో దొరికేవి కాదు. పసుపు వంటింట్లోదే, నలుపు దీపం మసి, జిగురు చింతగింజలది, తెలుపేమో శంఖాలు కాల్చి నూరింది. ఆ ఇంట్లో రోట్లో ఏం నలుగుతోందో చూడకుండా వేలు పెట్టి నాకితే ఆ పూటకి మన పని అయిపోయినట్టే. కుంచె పట్టేది మగవాళ్ళు, రంగు నూరేది ఆడవాళ్ళు. పాపయ్యకి నూరిపెట్టేది ఆయన కోడలు అచ్చియమ్మ. మాట తక్కువ మనిషి. మీ అమ్మలాగా కాదు.

పాపయ్య ఆరునెలలు వేశాడు. పందిరి వేశాడు, విస్తళ్ళు వేశాడు, విస్తళ్ళలో అన్నం, అన్నం పక్కన పప్పు, పప్పు మీద నెయ్యి, నెయ్యి మీద ఈగ కూడా వేశాడు. అందరికీ కళ్ళు మాత్రం వెయ్యలేదు. కళ్ళు ఆఖరున వెయ్యాలి, అది వాళ్ళ పద్ధతి. ముందే వేస్తే బొమ్మలు ఆకలిగా చూస్తాయట. ఆఖరికి కళ్ళు కూడా వేసి, నిచ్చెన దిగి, ఇంటికెళ్ళి పడుకున్నాడు. జ్వరమొచ్చి వారంలో పోయాడు పాపం.

ఏడవకు లలితా, ఆయనకి ఎనభై రెండేళ్ళు.

ఇప్పుడు కథ మొదలవుతుంది. రాజు బొమ్మ చూడ్డానికి వచ్చాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు, పెళ్ళికొడుకు ముందు ఆగాడు. విస్తళ్ళ పక్కన అందరి గిన్నెల్లోనూ ఏదో ఒకటి ఉంది. ముత్తాత ముందున్న గిన్నె మాత్రం తెల్లగా, బోడిగా ఉంది. ఇదేమిటి ఖాళీగా ఉందని పాపయ్య కొడుకు గవర్రాజుని అడిగాడు.

గవర్రాజుకి రాజంటే భయం, భార్యంటే భయం, బల్లంటే భయం. నాన్న పూర్తి చెయ్యలేదేమోనండి అనేశాడు. చూశారా, తెలియకపోతే తెలియదనాలి. ఆ ఒక్క "ఏమో" వాళ్ళ ఇంటి మీదకి తెచ్చింది.

రాజు మండిపడ్డాడు. పెళ్ళికొడుకు ముందు ఖాళీ గిన్నె పెడతారా, అందుకే మా వంశానికి తిండి ఒంటబట్టటం లేదన్నాడు. వంశానికి ఒంటబట్టనిది పన్నెండేళ్ళ నుంచి, బొమ్మ వేసింది నిన్నగాక మొన్న. కానీ రాజుతో లెక్కలెవరు మాట్లాడతారు? పున్నమిలోగా ఆ గిన్నెలో మా ముత్తాత ఆ రోజు ఏం తిన్నాడో అదే వెయ్యి, తప్పు వేసినా వెయ్యకపోయినా కుంచె హక్కు తీసేస్తాను, పెట్టేబేడా సర్దుకుని పొలిమేర దాటాలన్నాడు. పున్నమికి అయిదు రోజులుంది.

ఇక చూడండి, ఊరంతా సలహాలే. రాణిగారు పిలిచి, అరిసెలు వెయ్యవయ్యా, మా పుట్టింటి అరిసెలంటే ఈ వంశానికి ప్రాణం అంది. ఆవిడ పుట్టింటి అరిసె కొరికి మంత్రికి పన్ను ఊడింది, అది వేరే కథ. గవర్రాజు చెక్క మీద అరిసెలు గీసి తీసుకెళ్ళాడు. పురోహితుడు దారిలో ఆపి, పెళ్ళిలో పులిహోర లేకపోవటమేమిటన్నాడు. అరిసెలు చెరిపి పులిహోర గీశాడు. సేనాపతి ఆపి, వీరుడి గిన్నెలో వేటమాంసం ఉండాలన్నాడు. పులిహోర చెరిపి మాంసం గీశాడు. వంటపెద్ద ఆపి, ఎర్రటి ఆవకాయ వెయ్యి, గోడకి అందం అన్నాడు. మాంసం చెరిపి ఆవకాయ గీశాడు. అరిసె పోయి పులిహోర, పులిహోర పోయి మాంసం, మాంసం పోయి ఆవకాయ. చెక్క అరిగింది, గవర్రాజు కూడా అరిగాడు. నాలుగు రోజులు ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు. రాజు జబ్బు ఇతనికీ పట్టిందనుకున్నారు వీధిలోవాళ్ళు.

అచ్చియమ్మ ఇవన్నీ చూస్తూ ఊరుకుంది. నాలుగోరోజు మధ్యాహ్నం మామగారి చెక్కపెట్టె తెరిచింది. అందులో పాత నమూనా గుడ్డలున్నాయి. ఒక్కో తరంవాళ్ళు ఏ విందు బొమ్మ వేసినా ముందు గుడ్డ మీద గీసుకుని దాచేవారు. ఒక్కొక్కటే నేల మీద పరిచి, ఆవకాయ ఎక్కడుందో చూపించమని మొగుణ్ణి అడిగింది.

వెతికాడు. పాపయ్య గుడ్డలో ఉంది. పాపయ్య నాన్న గుడ్డలో మిరపకాయ ఉంది గానీ, వంకాయలా ఉంది. అప్పుడే కొత్తగా వచ్చింది కదా, ఎలా ఉంటుందో ఆయన సరిగ్గా చూసి ఉండడు. అంతకుముందు గుడ్డల్లో మిరియాల తీగ ఉంది, పిప్పళ్ళున్నాయి, ఆవాలున్నాయి, చింతకాయ ఉంది, మిరపకాయ మాత్రం ఎక్కడా లేదు.

అవును శేషూ, మిరపకాయ మనది కాదు. సముద్రం మీద ఓడల్లో వచ్చింది. అంతకుముందు మనవాళ్ళకి కారమంటే మిరియమే. టమాటా కూడా అలా వచ్చిందే, బంగాళాదుంప కూడా అలా వచ్చిందే. నువ్వు పొద్దున్న ఏ కూర కోసం అక్కతో కొట్టుకున్నావో, మా ముత్తవ్వ ముత్తవ్వకి దాని పేరు కూడా తెలియదు. పడుకో, లేవకు.

మరి ముత్తాత గిన్నెలో ఆవకాయ వేస్తే తప్పే కదా అంది అచ్చియమ్మ. గవర్రాజు తల పట్టుకున్నాడు. అప్పుడా పిల్ల అసలు మాట చెప్పింది. ఆఖరిరోజు మామయ్యగారు నన్ను శంఖం తెలుపు ఇంకో చిప్పెడు నూరమన్నారు, పల్చగా కలపమన్నారు, గోడంతా అప్పటికే పూర్తయింది, కళ్ళకి అంత తెలుపు అక్కర్లేదు, మరి అది ఎక్కడికి పోయింది అంది.

ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని మొగుడు అడిగాడు. నన్నెవరడిగారు, నాలుగు రోజుల నుంచీ రాణిగారినీ పురోహితుణ్ణీ అడుగుతున్నావు గానీ అంది. నిజమే కదా.

ఊ కొట్టండి. చంటి పడుకున్నాడా? లేదు, కళ్ళు మూసుకుని కాళ్ళు ఆడిస్తున్నాడు.

మర్నాడు పున్నమి. ముందు ఆ గోడ నా కంటితో చూడనీ, నేను వచ్చేదాకా కుంచె పెట్టకని మొగుడికి చెప్పి పంపింది అచ్చియమ్మ. అతను వెళ్ళేసరికి భోజనశాల నిండా జనం. రాజు గోడ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. వంటపెద్ద పక్కనే నిలబడి, ఇంకా చూస్తావేం, వెయ్యి అని పొడుస్తున్నాడు. గవర్రాజుకి పెళ్ళాం మాటంటే భయం ఉంది గానీ, వంటపెద్ద పొట్ట దగ్గరగా ఉంది. ఎర్రరంగులో కుంచె ముంచాడు. ముంచిన కుంచె ఎత్తేసరికి నేలంతా చుక్కలు.

అప్పుడొచ్చింది అచ్చియమ్మ, మొగుడి మధ్యాహ్నం కూడు ముంతలో పట్టుకుని. నిండిన గిన్నె మళ్ళీ నింపకూడదండి అంది.

అందరూ తిరిగి చూశారు. రాజు నడక ఆపకుండానే, ఎవరీవిడ అన్నాడు. రంగు నూరేదాన్నండి అంది. అని కొంగు కొస నీళ్ళలో ముంచి, నిచ్చెనెక్కి, ఆ తెల్లగిన్నె మీద మెల్లగా అద్దింది. పురోహితుడు రామ రామ అన్నాడు. ఏ గోడబొమ్మైనా ఎండి, పొయ్యిపొగ పట్టి పాలిపోతుంది. తడి తగిలితే కాసేపు కొత్తదానిలా అవుతుంది. ఆ తెలుపులో ముందు రెండు మెతుకులు కనబడ్డాయి. తర్వాత వాటి పక్కన పల్చటి ఆకుపచ్చ. దబ్బాకు ముక్క.

తెల్లగా ఉంది, రెండు మెతుకులున్నాయి, దబ్బాకు తేలుతోంది. ఏమిటది?

తరవాణి. మీకు తెలియదులే, మీ ఇంట్లో కుండే లేదు. గంజిని కుండలో పులియబెట్టి ఉప్పూ, వాసనకి దబ్బాకూ వేస్తారు, రోజూ కొంచెం తీసి కొంచెం పోస్తారు, కుండ ఎప్పుడూ ఖాళీ చెయ్యరు. చద్దన్నంలో పోసుకుని పొలానికి పోయేవాళ్ళు తాగుతారు. ఆ భోజనశాలలో ఉన్నవాళ్ళందరికీ అదేమిటో తెలుసు. రాణిగారు ముక్కు మూసుకుంది, బొమ్మకి వాసన వస్తున్నట్టు. సేనాపతి తన కాలివేళ్ళు చూసుకున్నాడు, పొద్దున్న ఆయన తాగి వచ్చింది అదే.

రాజు ఎర్రబడ్డాడు. మా ముత్తాత పెళ్ళిపీట మీద పాలేరు కూడు తాగాడని గోడెక్కిస్తారా, చంద్రుడు పైకొచ్చేదాకా ఎందుకు, ఇప్పుడే పొలిమేర దాటండన్నాడు. గవర్రాజు కుంచె కింద పెట్టేశాడు. అచ్చియమ్మ నిచ్చెన దిగి ముంత పట్టుకుని నిలబడింది.

అప్పుడు వెనక గుమ్మంలోంచి ఎవరో గొణిగారు. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ గొణిగారు. రాజుగారి నాయనమ్మ. తొంభై ఏళ్ళు, నోట్లో ఒక్క పన్ను లేదు. మూడోసారికి దాసీ వినిపెట్టి చెప్పింది.

ఒరేయ్ భూపతీ, ఆ గిన్నెలో ఏముందో నన్నడిగావా? పాపయ్య అడిగాడు, చెప్పాను. ఇదీ ఆ మాట.

సంగతేమిటంటే, ముత్తాత పెళ్ళి అయిదురోజులు. అయిదురోజులూ నెయ్యీ బెల్లమూ పెట్టి పెట్టి, పెళ్ళికొడుకు కడుపు మండిపోయి, పీట మీద కూర్చోలేక లేచి తిరగటం మొదలుపెట్టాడట. ముహూర్తం దాటిపోతోంది. అప్పుడు పెళ్ళికూతురు తన పుట్టింటి కుండలోంచి గిన్నెడు తరవాణి పంపింది. తాగాడు, కూర్చున్నాడు, తాళి కట్టాడు. ఆ తరవాణి లేకపోతే నువ్వూ లేవు, నీ ఏడు ఊళ్ళూ లేవంది ముసలావిడ. మా అత్తగారితోపాటు వచ్చిన ఆ కుండ నీ దాకా ఈ వంటింట్లో అలాగే ఉండేదిరా, పట్టాభిషేకం నాడు కంపు కొడుతోందని నువ్వే పగలగొట్టించావు. ఆ రోజు నుంచే నీ కాలు నిలవటం లేదంది.

రాజు నడక ఆగింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆగింది. ఆగి గోడ వంక చూశాడు, నాయనమ్మ వంక చూశాడు. ఇప్పుడెక్కడ దొరుకుతుందన్నాడు, చిన్నపిల్లాడిలా.

అచ్చియమ్మ చేతిలో ముంత చూపించింది. ఇది మా ఆయన కూడండీ, మా మామయ్యగారు కూడా రోజూ ఈ గోడ కిందే కూర్చుని ఇదే తినేవారు అంది. రాజు ముంత అందుకున్నాడు. వాసన చూశాడు, మొహం చిట్లించాడు. గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు. ఎత్తిన ముంత దించలేదు. అడుగున మెతుకులు వేలితో తీసుకుని తిన్నాడు. మీరైతే తిట్టేదాన్ని, రాజు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఎర్రరంగు చుక్కల మీదే కూర్చున్నాడు, పంచె పాడైపోయింది. లేస్తాడేమోనని మంత్రి నిలబడే ఉన్నాడు. లేవలేదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి కూడా అక్కడే ఉన్నాడు, నాయనమ్మ పక్కన, ముత్తాత కబుర్లు చెప్పించుకుంటూ. మంత్రికి కాళ్ళు లాగి ఆయనే చల్లగా కూలబడ్డాడు.

కుంచె హక్కు ఎక్కడికీ పోలేదు. ఆ గిన్నె అలాగే తెల్లగా ఉంచమని రాజు చెప్పాడు. అచ్చియమ్మ ఇంటి కుండలోంచి చెంబెడు తెచ్చి కోట వంటింట్లో కొత్త కుండ పెట్టారు. రాణిగారు మొదట ముక్కు మూసుకుంది, తర్వాత తలుపు మూసుకుని తాగింది. ఆ పూట గవర్రాజుకి కూడు లేకుండా పోయింది కదా, రాణిగారు జాలిపడి అరిసెలిచ్చింది. పాపం అతను పన్ను ఊడకుండా ఇల్లు చేరాడు, అదే గొప్ప.

అందుకే చెబుతున్నాను, గిన్నెలో ఏముందో తెలియకపోతే గిన్నె తోమినదాన్ని అడగాలి, గోడ మీద ఏముందో తెలియకపోతే రంగు నూరినదాన్ని అడగాలి. మీ తాతయ్య యాభై ఏళ్ళ నుంచీ ఉప్పుడబ్బా ఎక్కడుందని ఊరందరినీ అడుగుతాడు, నన్ను తప్ప.

ఊ ఎవరూ కొట్టటం లేదేం? లలిత పడుకుంది. శేషు పడుకున్నాడు. చంటి కాళ్ళు కూడా పడుకున్నాయి. సరే, కథ కంచి దారి పట్టింది, నేను నా మంచం దారి పడతాను.