దూరం జరిగిన బుట్టలు

అనగనగా, మీ తాతకు తాత పుట్టకమునుపు, గోరువంకపురమనే పట్నం ఉండేది. ఆ పట్నంలో జనమంతా తిరిగే తోట ఒకటి. తోటలో గుంజలకు బిగించిన ఆరు ఇనుప బుట్టలు, వాటిపైన వేలాడే గొలుసులు. చెక్క పళ్లెం విసిరి బుట్టలో పడెయ్యడమే ఆట.

విసిరేచోటికి ఒక్కో బుట్ట ఇరవై అంగల దూరమే. ఎన్నడూ పళ్లెం పట్టనివాళ్లు కూడా ఆడుకోవాలని రాజుగారు అలా పెట్టించారు. నియమం ఒక్కటే. ఎవరి పళ్లెం అందరికన్నా వెనక పడుతుందో వాళ్లే ముందు విసరాలి. అంతదాకా మిగతావాళ్లు ఆగాలి.

ఆ తోటకు కాపలాదారు నూకాలు. ఆమె మొగుడు గవరయ్యకు జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయింది. మంచం దిగనని మొండికేసిన మనిషి, ఎడమచేత్తో పళ్లెం విసరడం నేర్చాక రోజూ ఆమెకన్నా ముందే తోటకు బయలుదేరేవాడు. నూకాలుకు అంతకన్నా ఏం కావాలి?

ఒకనాడు ఆస్థాన వీరుడు విజయపాలుడు తోటకు వచ్చాడు. పళ్లెం విసరడంలో రాజ్యంలో అతనికి సాటి లేదు. ఇది పసిపిల్లల ఆటలా ఉందని, బుట్టలు దూరం జరిపితే తోట పేరు మారుమోగిపోతుందని చెప్పాడు. అంతటివాడు తనతో మాట్లాడాడని నూకాలు ఉబ్బితబ్బిబ్బయింది. బుట్టల్ని నలభై అంగలకు జరిపించింది. పిల్లలు రావడం మానేశారు.

వీరుడు మళ్లీ వచ్చి, చాలదన్నాడు. అరవైకి జరిపించింది. ముసలివాళ్లు మానేశారు.

మూడోసారీ వచ్చి పెదవి విరిచాడు. ఈసారి నూకాలు మనసు పీకింది. మొగుడు గుర్తొచ్చాడు. అయినా గొప్పవాడి మాట కాదనలేక నూరంగలకు జరిపించింది.

మర్నాడు ఆటలో అందరితోపాటు గవరయ్యా విసిరాడు. పళ్లెం సగం దూరం కూడా పోలేదు. నియమం ప్రకారం మళ్లీ అతనే విసరాలి. మళ్లీ వెనకే పడింది. మళ్లీ అతనే. వీరుడూ అతని మిత్రులూ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వెనకబడ్డవాడి కోసం పెట్టిన నియమమే, పాపం, నలుగురిలో అతని తల వంచేసింది.

“ఇక చాల్లే నూకాలూ, ఇంటికి పోతాను” అన్నాడు.

వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఎంత బతిమాలినా లేవలేదు. వానలు పడేనాటికి పోయాడు.

కొన్నాళ్లకు వీరుడికీ ఆ తోట మొహం మొత్తింది. దారుల్లో గడ్డి మొలిచింది. అప్పుడు రాజుగారు చూడవచ్చి, జనమేరని అడిగారు. జనానికి బద్ధకం ఎక్కువైందని వీరుడు తేల్చేశాడు. ఔనంటే నూకాలు కొలువు నిలిచేది. ఆమె ముందుకొచ్చి చేతులు జోడించింది.

“కాదు దొరా. ఈయన మెప్పు కోసం బుట్టలు జరిపించింది నేనే. పిల్లల్నీ, పెద్దల్నీ, నా మొగుణ్ణీ ఇక్కణ్ణించి పంపేసింది నేనే.”

రాజుగారు వీరుణ్ణి ఆ తోట జోలికి రావద్దన్నారు. నిజం చెప్పిన మనిషే తోటను చూసుకోవాలని నూకాలును అక్కడే ఉంచారు. ఆమె తన చేతులతోనే గుంతలు తవ్వి బుట్టల్ని ఇరవై అంగలకు తెచ్చింది. వారం తిరక్కుండా పిల్లలు వచ్చారు, కేరింతలు కొట్టారు. నూకాలు వాళ్లకు ఆట నేర్పి, సాయంత్రం తలుపు తీసేవాళ్లు లేని ఇంటికి ఒక్కతే వెళ్లేది.

కాబట్టి పిల్లలూ, నేర్చుకునేవాళ్ల చోటును నేర్చినవాళ్ల మెప్పుకోసం మార్చకూడదు. తప్పు దిద్దుకున్నా, వెళ్లిపోయినవాళ్లందరూ తిరిగి రారు.