చెరిపేసిన వీధి పేరు

శిష్యులు ఏది అడిగినా విరూపాక్షయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ ముఖం కాసేపు చూసి, తాను స్వయంగా ఎరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఒక ఆదివారం హైమవతి అనే శిష్యురాలు వచ్చింది. ఆమె అన్నగారి జబ్బు ఇక నయం కాదని డాక్టర్లు ఆమె ఒక్కదానికే చెప్పారు. అప్పటినుంచి ఆమెకు అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు.

"అన్నయ్యకు తెలియకుండా ఉంటే, ఉన్న నాలుగు రోజులూ భయం లేకుండా ఉంటాడు కదా గురువుగారూ. దాచడం తప్పా?" అంది.

ఆయన తన పాతికేళ్ళ వయసులో జరిగింది చెప్పారు. అప్పుడు ఆయన ఒక చిన్న పట్టణంలో రోడ్ల పక్కన బోర్డులు రాసేవారు. బస్సులు ఊళ్ళోకి వచ్చే దారిలో, మలుపుకు వంద గజాల ముందు, 'ముందు శ్మశానం వీధి' అని ఆయన రాసిన బోర్డు ఉండేది. శవయాత్రలు అక్కడే రోడ్డు దాటేవి కనుక, అది చదివి డ్రైవర్లు వేగం తగ్గించేవారు. అయితే పెళ్ళి బస్సులు సైతం ఆ పేరు చదువుకుంటూ రావలసి వస్తోందని దుకాణాలవాళ్ళు బాధపడ్డారు. పొద్దున్నే ఆ మాట కంటపడితే గుండె జారిపోతోందని ఒక ముసలమ్మ ఏడ్చింది. వాళ్ళ మీద జాలిపడి, పైవాళ్ళను అడక్కుండానే, ఆయన ఆ అక్షరాల మీద తెల్లరంగు పూసేశారు.

నెల తిరక్కుండానే ఒక ఉదయం ఆయన బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఊరికి వస్తున్నారు. ఎనిమిదైనా మంచు విడవలేదు. డ్రైవరు ఆ దారికి కొత్త. తెల్లటి బోర్డు హెడ్‌లైట్ల వెలుతురులో కనపడి వెనక్కి పోయింది. అతను తల తిప్పకుండానే, అన్నా, ముందు వచ్చేది ఏ వీధి అని అడిగాడు. విరూపాక్షయ్యగారి పక్కన కొత్త పెళ్ళికూతురు ఒకతె కూర్చుని ఉంది. ఆమె ముందు ఆ పేరు పలకడానికి ఆయనకు నోరు రాలేదు. మామూలు వీధే, పోనిమ్మన్నారు.

అంతలోనే మంచులోంచి పాడె లేచి అద్దం నిండా కనిపించింది. డప్పులు లేని చిన్న గుంపు. బ్రేకు వేసేసరికి బస్సు పక్కకు జారింది. పాడె మోస్తున్న నలుగురిలో ముందున్నతని కాలు చక్రం కింద పడింది. శవం రోడ్డు మీద దొర్లింది. దాన్ని లేవనెత్తడానికి ఎవరూ రాలేదు. అందరూ కేకలు పెడుతున్న మనిషి దగ్గరికే పరుగెత్తారు. అతను బతికాడు గాని మోకాలి కింద కాలు తీసేశారు.

డ్రైవరు బస్సు మెట్టు మీద కూలబడి విరూపాక్షయ్యగారి వైపు చూశాడు.

"నువ్వు ఈ ఊరివాడివే కదన్నా," అన్నాడు. "పేరు చెప్పి ఉంటే భయపడేవాణ్ణే. కానీ మెల్లగా వచ్చేవాణ్ణి."

ఆ సాయంత్రమే ఆయన బోర్డు మళ్ళీ రాశారు. అక్షరాలు వంకరగా వచ్చాయట. అలాగే ఉంచేశారట.

ఇంతవరకు చెప్పి ఆయన హైమవతి వైపు తిరిగారు. మీ అన్నగారు ఏమైనా అడుగుతున్నారా అన్నారాయన. రోజూ అడుగుతున్నాడని, తానే మాట మారుస్తున్నానని ఆమె చెప్పింది.

"ఆ డ్రైవరు నన్ను ఒక్కసారే అడిగాడమ్మా," అన్నారు విరూపాక్షయ్యగారు.