చాకిరేవు లేని పట్నం

వెన్నెలదుర్గం ఏలే ఎఱ్ఱభూపతికి ఒక పొద్దున తలంటు పోసుకుంటుండగా ఓ సరదా పుట్టింది. ఇంకో వందేళ్లకు తన పట్నం ఎలా ఉంటే బాగుంటుంది? ఈ సంగతి చదువొక్కటే తేల్చలేదు, వ్యాపారమొక్కటే తేల్చలేదు, రెండూ కలవాలన్నాడు. విద్యాపీఠం పెద్ద అనంతభట్టుకీ, వర్తకుల పెద్ద కామిశెట్టికీ పని అప్పగించాడు.

అంతవరకూ ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు పాలూ నీళ్లలా కలిసిపోయారు. ఆరు నెలలు మామిడితోటలో కూర్చుని ఆలోచించారు. నేతిగారెలు బుట్టలకు బుట్టలు తరిగిపోయాయి గానీ ఆలోచన తెమల్లేదు.

చివరికి ఒకనాడు కొలువులో పెద్ద గుడ్డ పరిచారు. దానిమీద రంగురంగుల పట్నం. కొండమీద విద్యాపీఠం, దాని పక్కన శెట్ల మేడలు, ఏటి ఒడ్డున తామరతోట.

"సర్వజనామోద నగరం!" అన్నాడు అనంతభట్టు, తన మాటకు తానే మురిసిపోతూ.

రాజుకు తాంబూలం అందించే కొమ్మసాని సింహాసనం వెనక నుంచి తొంగి చూసింది. తామరతోట వేసిన చోటే చాకిరేవు. ఆమె పుట్టింది అక్కడే, అక్కచెల్లెళ్లు ఉన్నదీ అక్కడే. చాకళ్ల ఇళ్లేవని వెతికితే గుడ్డ అంచున, రాళ్లగుట్టల వెనక, నువ్వుగింజలంత కనిపించాయి. తాంబూలం పళ్లెం పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"అక్కడ నీళ్లేవి స్వామీ?" అని అడిగింది.

"అవి చిల్లర వివరాలు. మాది దర్శనం, వందేళ్ల ముందుచూపు," అన్నాడు అనంతభట్టు.

"ఆకులు చుట్టేదానికి రాబోయే కాలంతో ఏం పనే?" అని కామిశెట్టి ముసిముసిగా నవ్వాడు.

రాజు ముద్ర తెమ్మన్నాడు. రేవు రేపే ఖాళీ చేయించాలన్నాడు.

కొమ్మసాని చేతులు జోడించింది. "ఏలినవారికి ఒక్క మనవి. ఈ పట్నం నిజంగా అందరికీ నచ్చేదేనా?"

"సందేహమా! ఎవరి చోటు వాళ్లకు స్వర్గమే," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

"అయితే బొమ్మలో ఉన్న ఇళ్లన్నిటికీ చీట్లు రాయించి కుండలో వేయించండి దొరా. వీళ్లిద్దరూ తలా ఒకటి తీస్తారు. ఎవరికి ఏ ఇల్లు వస్తే ఆ చోట అలాంటి ఇల్లే వేయించండి, పెళ్లాంపిల్లలతో ఏడాది కాపురం చేస్తారు. బాగుందంటే ఊరంతా అలాగే కట్టించండి."

రాజుకు ఆ వేడుక నచ్చింది. రాయసగాడు చీట్లు రాశాడు. నూటికి నాలుగు కొండమీది మేడలు, అరవై రాళ్లగుట్టల వెనకటి ఇళ్లు. కుండ వచ్చింది.

అనంతభట్టు చెయ్యి కుండ మూతిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ముందు... ఆ గుట్టల దగ్గర ఒక బావి గీయాలి ప్రభూ," అన్నాడు నసుగుతూ.

"బావి ఏం చాలుతుంది భట్టుగారూ! ఆమడ దూరం నుంచి మూటలు మోస్తే నడుం విరగదూ? ఇళ్లను ఏటి ఒడ్డుకు జరపండి!" అన్నాడు కామిశెట్టి.

"అక్కడ తామరతోట ఉందిగా!"

"తామరల మొహం! చెరపండి!"

"ఈ ఇళ్లేమిటి, కాళ్లు చాపుకోడానికైనా చోటు లేదు! ఏ బుద్ధిలేనివాడు గీశాడివి?" అన్నాడు భట్టు.

"మీరే!"

కొలువంతా చూస్తుండగా పండితుడూ శెట్టీ మోకాళ్లమీద పడి, ఉత్తరీయాలతో రంగు చెరిపేస్తూ, బొగ్గుముక్కలతో గీస్తూ, చెమటలు కక్కారు. గడియ తిరక్కముందే చాకిరేవు మళ్లీ ఏటి ఒడ్డుకు వచ్చి కూర్చుంది.

రాజు విస్తుపోయి, "ఏమిటే ఈ వింత?" అని కొమ్మసానిని అడిగాడు.

"ఆరు నెలల మేతకు రాని దర్శనం, కుండలో చెయ్యి పెట్టకముందే వచ్చేసింది దొరా!"

ఎఱ్ఱభూపతి పగలబడి నవ్వాడు. ఆయన వెనకే కొలువంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే రాజు రేవు ఎప్పటికీ చాకళ్లదేనని రాగిరేకు రాయించి, తన భుజంమీది పట్టుసెల్లా తీసి కొమ్మసానికి కప్పాడు.